పెళ్లి పళ్లానికి బాదం కరువు

మొరాకోలో పెళ్లయినా, పురుడయినా, పండగయినా పుదీనా టీ పక్కన 'కాబ్ ఎల్ గజాల్' ఉండాల్సిందే. చూడ్డానికి మన కజ్జికాయకు చెల్లెల్లా ఉంటుంది. లోపల కొబ్బరి, బెల్లం బదులు బాదం ముద్ద. నూనెలో వేయించరు, ఓవెన్‌లో పెట్టి రంగు మారీమారకముందే తీసేస్తారు. పేరుకు అర్థం జింక మడమ. ఫ్రెంచివాళ్లు దాన్ని జింక కొమ్ము చేసేశారు, అది వేరే సంగతి!

పని మాత్రం చిన్నది కాదు. బాదంపప్పు వేడినీళ్లలో వేసి పొట్టు వలవాలి, ఆరబెట్టాలి, పంచదారతో మెత్తగా రుబ్బాలి. నారింజ పూల నీళ్లు, దాల్చినచెక్క, కాస్త వెన్న చేర్చి ముద్ద చెయ్యాలి. కాగితమంత పల్చగా వత్తిన పిండిలో దాన్ని చుట్టి, నెలవంకలా వంచి, ఉబ్బకుండా సూదితో గుచ్చాలి. ఇంటిల్లిపాది ఆడవాళ్లూ కూర్చుంటేగాని తెమలదు.

ఇప్పుడొచ్చిన చిక్కు పప్పుతోనే. 2025 నాటికి అక్కడ కరువు వరసగా ఏడో ఏడాది. గొర్రెల మందలు తగ్గిపోయి, బక్రీదుకు బలి ఇవ్వొద్దని రాజు ఆరో మహమ్మద్ 2025 ఫిబ్రవరిలో ప్రజల్ని కోరారంటే పరిస్థితి ఊహించుకోవచ్చు. బాదం తోటలు చాలావరకు వాననే నమ్ముకున్నవి. తఫ్రౌత్ కొండల్లో బాదం పూతకు ఏటా ఉత్సవం చేస్తారు. ఎండిన చెట్టు స్థానంలో మొక్క నాటినా కాపుకొచ్చేసరికి ఏళ్లు పడుతుంది. వాన తిరిగొచ్చినంత తొందరగా పప్పు తిరిగిరాదు.

ఇక కొనుక్కోవడమే. ప్రపంచంలో పండే బాదంలో 75 శాతానికి పైగా కాలిఫోర్నియాదే. మనం పాయసంలో వేసుకునేదీ ఎక్కువగా అదే. 2019 జూన్‌లో మన ప్రభుత్వం అమెరికా బాదంపప్పు మీద సుంకాన్ని కిలోకు 100 నుంచి 120 రూపాయలు చేసి, 2023 సెప్టెంబరులో ఆ పెంపు ఎత్తేసింది. ఆ నాలుగేళ్లూ పచారీ చీటీలో కొట్టివేతలు ఎవరు చేశారో చెప్పాలా? మొరాకోకు 2006 నుంచి అమెరికాతో స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం ఉంది. అయినా డాలర్లలోనే కొనాలి. పైగా కాలిఫోర్నియాలోనూ తరచూ నీటి కటకటే.

ఈ దెబ్బ ముందుగా తగిలేది ఇళ్లలో చేసి పెళ్లిళ్లకు అమ్ముకునే ఆడవాళ్లకు. బాదం ధర వాళ్ల చేతిలో లేదు. తగ్గించుకోగలిగేది తమ కూలి ఒక్కటే. వేరుశనగతో చేసే చవక మిఠాయిలు అక్కడా ఉన్నాయి. నన్నడిగితే అందులో నామోషీ ఏమీ లేదు. కానీ వియ్యాలవారి ముందు ఆ పళ్లెం పెట్టే ధైర్యం ఎంతమందికి ఉంటుంది? ఆర్డరు తీసుకున్నావిడ బాదమే రుబ్బాలి. కాకపోతే ఒక్కోటీ కాస్త సన్నగా చుడుతుంది.