బ్యాంకు పద్దులో ఆ పేరెవరిది?

మా అమ్మకి గోడ మీది క్యాలెండరే పద్దుపుస్తకం. పాలవాడు రాని రోజు సున్నా చుట్టేది. చాకలికి వేసిన బట్టల లెక్క ఆ పక్కనే రాసేది. నెలాఖరున పాలవాణ్ణి అరుగు మీద కూర్చోబెట్టి ఒక్కో గడీ చూపించి లెక్క తేల్చేది. అర్ధ రూపాయి తేడా వచ్చినా ఒప్పుకునేది కాదు. ఆవిడ కడుపున పుట్టిన నేను, నా ఖాతాలోంచి నెలకి 849 రూపాయల చొప్పున మూడు నెలలు డబ్బు పోతుంటే చూసుకోలేదు. చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది. అయినా చెబుతున్నాను. ఎందుకంటే పోయిన డబ్బు కన్నా పెద్ద పొరపాటు ఒకటి ఆ లెక్క వెనక మా ఇంట్లో జరిగింది.

మేముండేది కొండాపూర్‌లో. మేడెక్కితే హైటెక్ సిటీ అద్దాల భవనాలు కనిపిస్తాయి. మా వీధిలో ఇంటికొకరైనా కంప్యూటర్ ఉద్యోగులే. మా వారూ రాయదుర్గంలో అదే కొలువు. అలాంటి ఇంట్లో ఓ సాయంత్రం బ్యాంకు స్టేట్‌మెంట్ తెరిస్తే ఎన్నడూ వినని ఓ పేరు, దాని పక్కన అంకెలు, చివర ఏదో విదేశీ ఊరు! కింద తోకల్లా ఇంకో రెండు చిన్న మొత్తాలు. వెనక్కి వెళ్లి చూస్తే పోయిన నెలా ఉంది, అంతకు ముందు నెలా ఉంది.

మా వారిని అడిగితే "నీ ఖాతా కదా, నాకేం తెలుసు?" అన్నారు. అమ్మాయి "నేను కాదమ్మా" అంది. అప్పుడు నా బుద్ధి ఎటు పోయిందో చూడండి. మా ఇంట్లో పనిచేసే ఆమె కూతురు ఇంటర్ చదువుతోంది. సాయంత్రాలు వచ్చి నా ఫోన్‌లో ఫిజిక్స్ పాఠాలు చూసుకునేది. నేనే రమ్మన్నాను. ఆ పిల్లని పిలిచి "నా ఫోన్‌లో ఏమన్నా నొక్కావా?" అని అడిగాను. మెత్తగానే అడిగాననుకున్నాను. "నేనేం ముట్టలే ఆంటీ, పాఠమే చూసిన" అంది. మర్నాటి నుంచి రాలేదు. వాళ్లమ్మ వచ్చి తలొంచుకుని పని చేసుకుపోయింది.

నాలుగు రోజుల తర్వాత మాదాపూర్‌లోని మా బ్యాంకుకి వెళ్లాను. కౌంటర్లో ఉన్న అమ్మాయి ఆ లైను మీద పెన్సిలు పెట్టి చదివి వినిపించింది. "మేడమ్, ముందున్న పేరు వస్తువు అమ్మినవాళ్లది కాకపోవచ్చు. వాళ్ల తరఫున డబ్బు వసూలు చేసే సంస్థది కావచ్చు. చివరున్నది ఆ సంస్థ ఊరు. కింది రెండూ విదేశీ చెల్లింపు మీద బ్యాంకు రుసుమూ, దాని మీద జీఎస్టీ. మొదటిసారి డబ్బు పోయిన తేదీకి వారం ముందు మీరేం చేశారో గుర్తు తెచ్చుకోండి" అంది.

గుర్తొచ్చింది! అమ్మాయి కాలేజీ అడ్మిషన్ కోసం మార్కుల మెమో, టీసీ, తక్కిన సర్టిఫికెట్లు అన్నీ కలిపి ఒకే పీడీఎఫ్‌గా పంపమన్నారు. కలిపిపెట్టే సాఫ్ట్‌వేర్ ఒకటి దొరికింది. ఏడు రోజులు ఉచితమంది. కార్డు నంబరు అడిగితే ఇచ్చాను. ఓటీపీ మా వారి ఫోన్‌కి వెళ్లింది, ఖాతా తెరిచినప్పుడు ఇచ్చింది ఆయన నంబరే కాబట్టి. ఫోన్ చేస్తే మీటింగ్‌లో ఉండి, ఎందుకని కూడా అడక్కుండా ఆరంకెలూ చెప్పేశారు. సర్టిఫికెట్లు వెళ్లాయి, సీటొచ్చింది, ఆ సాఫ్ట్‌వేర్ సంగతి నేను మర్చిపోయాను. అది మాత్రం నన్ను మర్చిపోలేదు.

దొంగ ఎవరూ లేరు. ఉన్నదల్లా నా మరుపు, దాని మీద బతికే ఓ వ్యాపారం. ఆ వ్యాపారం తీరు తెలుసుకోవాలి మనం. మాదాపూర్‌లో సైబర్ టవర్స్‌ని 1998 నవంబరు 22న అప్పటి ప్రధాని వాజ్‌పేయి ప్రారంభించిన రోజుల్లో సాఫ్ట్‌వేర్ అంటే డబ్బాలో వచ్చే సీడీ. ఒకసారి కొంటే మనది. ఆ తర్వాత కంపెనీలు దాన్ని కుట్టుమిషను అమ్మినట్టు కాకుండా ఇల్లు అద్దెకిచ్చినట్టు ఇవ్వడం మొదలుపెట్టాయి. 2011లో మైక్రోసాఫ్ట్ ఆఫీస్ 365 వచ్చింది. 2013లో అడోబీ తన ప్రధానమైన డిజైన్ సాఫ్ట్‌వేర్ల కొత్త రూపాలన్నీ ఇకపై చందా మీదేనంది. ఇప్పుడు ఫోటోలు దాచుకోవడానికి అద్దె, పిల్లల ఆటకి అద్దె, ఇంగ్లీషు నేర్పేదానికి అద్దె. అద్దె తప్పని నేననను. ఖాళీ చేసిన ఇంటికి కూడా అద్దె కడుతూ ఉండటమే తప్పు.

దీనికి మన దేశంలో నియమాలున్నాయి. కార్డు మీద ప్రతి నెలా తనంతట తానే కోసుకునే చెల్లింపుల గురించి రిజర్వు బ్యాంకు 2019 ఆగస్టులో ఆదేశాలిచ్చింది. అవి 2021 అక్టోబరు 1 నుంచి గట్టిగా అమలయ్యాయి. వాటి ప్రకారం, మొదటిసారి ఓటీపీ వంటి అదనపు అనుమతి ఉండాలి. ఆ తర్వాత ప్రతిసారీ డబ్బు కోయడానికి కనీసం 24 గంటల ముందు ఎవరికి, ఎంత, ఎప్పుడు అనే వివరాలతో కబురు రావాలి. వద్దంటే ఆపుకునే వీలుండాలి. 2022 జూన్‌లో ఆ తర్వాతి చెల్లింపులకి ఓటీపీ అక్కర్లేని పరిమితిని 5,000 నుంచి 15,000 రూపాయలకు పెంచారు. అంటే మనం చదివే ఆ ముందస్తు మెసేజే మనకున్న గొళ్లెం. నా విషయంలో ఆ మెసేజీలు మూడు సార్లూ వచ్చాయి. మా వారి ఫోన్‌లో, లోన్ల ప్రకటనల మధ్య పడి ఉన్నాయి.

అందుకే ముందు మీ నంబరు సంగతి చూసుకోండి. మన జీతమో, మన పొదుపో, పుట్టింటి వారిచ్చిన పసుపు కుంకుమ డబ్బో ఉన్న ఖాతాకి భర్తదో, కొడుకుదో నంబరుంటే మన డబ్బు కబురు మనకి చేరదు. ఇందులో అపనమ్మకం ఏమీ లేదు. ఇంటి తాళంచెవి ఇద్దరి దగ్గరా ఉన్నట్టే ఇదీను.

ఇక తెలియని పేరు కనబడితే కంగారు పడకండి. ఆపిల్, గూగుల్ పేర్లుంటే ఆ ఫోన్‌లో కొన్న ఏదో యాప్ అయి ఉంటుంది. ఫోన్‌లో సబ్‌స్క్రిప్షన్స్ అన్నచోట చూస్తే తెలుస్తుంది. పాడిల్, ఫాస్ట్‌స్ప్రింగ్ వంటి పేర్లు ఎందరో చిన్న సాఫ్ట్‌వేర్ సంస్థల తరఫున అమ్మిపెట్టే కంపెనీలవి. ఆ మొత్తాన్ని, తేదీని మీ ఈమెయిల్‌లో వెతకండి, రసీదు దొరకొచ్చు. యూపీఐ ద్వారా ఒప్పుకుని ఉంటే ఆ యాప్‌లో ఆటోపే అన్నచోట జాబితా ఉంటుంది. ఒక్క మాట మాత్రం గుర్తుంచుకోండి. ఫోన్‌లోంచి యాప్ తీసేసినంత మాత్రాన చందా ఆగదు. చందాని వేరేగా రద్దు చేయాలి. రద్దయినట్టు వచ్చిన మెయిల్‌ని దాచుకోవాలి.

ఇంట్లో ఎవరూ కొనలేదని తేలితే అప్పుడది మోసం. వెంటనే కార్డు ఆపించి బ్యాంకుకి రాతపూర్వకంగా చెప్పాలి. మనవల్ల గానీ, బ్యాంకువల్ల గానీ కాక మూడోవారివల్ల జరిగిన మోసమైతే, బ్యాంకు నుంచి కబురందిన మూడు పనిదినాల్లోపు చెప్పినవారికి నష్టం అంటకూడదని 2017 జూలై 6 నాటి రిజర్వు బ్యాంకు ఆదేశం. ఆలస్యమయ్యే కొద్దీ మన భారం పెరుగుతుంది. మనమే ఎవరికో ఓటీపీ చెప్పి ఉంటే, బ్యాంకుకి తెలియజేసేదాకా పోయింది మన నష్టమే. సైబర్ మోసాలకి 1930కి ఫోన్ చేయాలి. బ్యాంకు 30 రోజుల్లో జవాబివ్వకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్ ఉన్నాడు. 14448కి ఫోన్ చేస్తే దారి చెబుతారు.

మరి చేరడం ఒక్క నొక్కుతో అయ్యే చోట, బయటపడటం పద్మవ్యూహం కావడం న్యాయమా? కాదని మన ప్రభుత్వమూ అంది. కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2023 నవంబరు 30న 13 రకాల మాయదారి పద్ధతులను నిషేధించింది. అందులో చందా ఉచ్చు ఒకటి. రద్దు మీటని దాచేయడం, ఉచితమంటూనే కార్డు వివరాలు ఇచ్చి తీరాలనడం దాని కిందికే వస్తాయి. ఫిర్యాదుకు 1915 ఉంది. అమెరికాలో అమెజాన్ మీద 2023లో అక్కడి ప్రభుత్వ సంస్థ కేసు వేసింది. ప్రైమ్ చందాని రద్దు చేసుకునే తతంగానికి కంపెనీలోనే ఇలియడ్ అని పేరుండేదని ఆ ఫిర్యాదులో ఉంది. అది గ్రీకుల మహాకావ్యం, అంత పొడుగన్నమాట! 2025 సెప్టెంబరులో తప్పు ఒప్పుకోకుండానే కంపెనీ 250 కోట్ల డాలర్లకు రాజీపడింది. అందులో 150 కోట్లు చందాదారులకి వాపసు.

ఇలాంటి మీటలు ఎక్కడుండాలో గీసేవాళ్లలో ఈ మాదాపూర్, గచ్చిబౌలి మేడల్లో కూర్చున్న మన పిల్లలూ ఉండొచ్చు. అన్నం దగ్గర వాళ్లని అడగండి, "మీ యాప్‌లోంచి మీ అమ్మమ్మ బయటపడగలదా?" అని. ఆ ప్రశ్న ఆఫీసుదాకా వెళితే మంచిదే.

కంపెనీకి రాస్తే ఒక నెల డబ్బు వెనక్కిచ్చారు. ఆ సాయంత్రమే నేను ఆ పిల్ల ఇంటికి వెళ్లాను. "తప్పు నాదేనమ్మా" అన్నాను. వాళ్లమ్మ "పోనీలే అమ్మా" అంది. పిల్ల మాత్రం చాలాసేపు పుస్తకంలోంచి తలెత్తలేదు. ఇప్పుడు మళ్లీ వస్తోంది. కానీ ఫోన్ తీసుకునే ముందు ప్రతిసారీ "తీసుకోవచ్చా ఆంటీ?" అని అడుగుతుంది. ఇదివరకు అడిగేది కాదు. కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమని ఊరికే అన్నారా పెద్దలు?

ఇప్పుడు నెల మొదటి ఆదివారం కాఫీ తాగుతూ స్టేట్‌మెంట్ ముందేసుకుంటున్నాను. తెలిసిన లైనుకి టిక్కు, తెలియని లైనుకి మా అమ్మ చుట్టినట్టే సున్నా. పావుగంట పని. మీరూ ఈ నెల నుంచే మొదలుపెట్టండి. సున్నా కనబడితే ముందు లైను చదవండి. మనిషిని అడగడం తర్వాత.