వేంపల్లె గ్రావెలు గోతులు

రోడ్లు కావలెను, ఇండ్లు కావలెను. వానికి గ్రావెలు కావలెను. ఇందు వివాదము లేదు. గ్రావెలు తోలుకొనిపోయినవాడు సీనరేజి చెల్లించి తన దారిని తాను పోవును. గొయ్యి మాత్రము గ్రామమునకు మిగులును. ఆ గొయ్యి యెవరిది, దానిని పూడ్చువారెవరు అను ప్రశ్నకు త్రవ్వకముందే సమాధానము వ్రాతమూలకముగ నుండవలెనని మా యభిప్రాయము.

వేంపల్లె విషయమున నీ జాగ్రత్త మఱింత యావశ్యకము. నంది కొండలలో పుట్టిన పాపఘ్ని, గండికడ కొండలను చీల్చుకొని వచ్చి, ఈ ప్రాంతమున పాఱి, కమలాపురము దాపున పెన్నలో కలియుచున్నది. 1872వ సంవత్సరమున విలియం కింగ్ కడప కర్నూలు శిలలను గూర్చి గ్రంథము ప్రకటించినపుడు ఇచటి సున్నపురాతి శ్రేణికి వేంపల్లె పేరే పెట్టెను. ఈ రాతిలో నీరు పగుళ్లలోను సందులలోను నిలుచును, వానివెంటనే పరుగెత్తును. మీది మట్టియు మొరమును వడకట్టనిచో, గోతిలో పడిన మలినము పొరుగు బావిని చేరుటకు పెద్దకాలము పట్టదు. సాలునకు ఏడువందల మిల్లీమీటర్లకు అటునిటుగ మాత్రమే వర్షించు జిల్లాలో బావి చెడినవానికి వేఱు గతి యేది?

కొంచెము లెక్క చూతము. ఎకరము నేలలో మూడు మీటర్ల లోతు త్రవ్వినచో పండ్రెండువేల ఘనమీటర్లు వచ్చును. పది ఘనమీటర్లు పట్టు టిప్పరుకు పండ్రెండువందల లోడులు. నీటితో నిండిన గ్రావెలు పొర యెకరమునకు ఒక మీటరు తీసివేసినచో, నూటికి ఇరువది పాళ్లు నీటిని విడుచునని యెంచినను, ఎనిమిది లక్షల లీటర్లు నిలుచు చోటు పోవును. కాసులు ఒకమాఱు వచ్చును. ఆ నీటిచోటు మరల రాదు.

చిన్న గొయ్యికి ఇంత యోచన యేలయని కొందఱు అందురు. 2012వ సంవత్సరము ఫిబ్రవరి 27వ తేదీన దీపక్ కుమార్ వ్యాజ్యమున సుప్రీంకోర్టు, ఐదు హెక్టార్లకు లోబడిన చిన్న ఖనిజముల లీజులకును పర్యావరణానుమతి యుండవలెనని యాదేశించెను. పెద్ద త్రవ్వకమును చిన్న ముక్కలుగ చీల్చి చట్టమును తప్పించుకొనుటకు వీలుండరాదనుటయే దీని భావము. నీరు, భూమి, చెట్ల పరిరక్షణకు మన రాష్ట్రమున 2002వ సంవత్సరపు వాల్టా చట్టమును కలదు. లోపము చట్టమునందు కంటె నాచరణయందే హెచ్చు.

ఆచరణ కష్టము కాదు. మొదట చుట్టుపట్ల బావులు, బోర్ల నీటిమట్టమును మే మాసమున నొకమాఱు, వానలు ముగిసిన పిమ్మట నొకమాఱు కొలిచి వ్రాసికొనవలెను. వానలపిమ్మటి మట్టమునకు రెండు మీటర్లు పైననే గోతి యడుగు నిలువవలెను. పైనున్న సారవంతమైన మట్టిని వేఱుగ, తక్కువ యెత్తు కుప్పలుగ దాచి, జనుమో జీలుగో చల్లవలెను. పొలమంతయు నొకేసారి విప్పక, మడి తరువాత మడిగ త్రవ్వుచు వెనుకటి మడిని పూడ్చుచు పోవలెను. ఒడ్డులు నిలువుగ నుంచక వాలుగ దిద్దవలెను. బయటి వాననీరు చొరకుండ గట్టు వేయవలెను. డీజిలు నిల్వ, యంత్రముల మరమ్మతు గోతిలో జరుగరాదు. కడపట చెరువు పూడికమట్టితో నింపి, దాచిన మట్టిని పఱచి సాగునకు తేవలెను. ఊరి చెత్తను మాత్రము అందు పోయరాదు.

గొయ్యి నీటికుంటయై బావులకు మేలుచేయునను వాదము కలదు. అడుగు నీటిమట్టమునకు పైననుండి, లోనికి వచ్చు నీరు ముందుగ బురదను దించుకొని వచ్చినచో కొంత నిజమే. అట్లుకానిచో ఒండ్రు అడుగును మూసివేయును. అడుగు నీటినే తాకినచో భూగర్భజలము ఎండకు ఆవిరియై, మురికికి ద్వారమగును. సమీపమున తుమ్మలపల్లె యురేనియము గని వ్యర్థముల చెరువువలన నీరు చెడినదని పరిసర గ్రామస్థులు మొఱపెట్టుకొన్న సంగతి పాఠకు లెఱిగినదే. గ్రావెలు గొయ్యి దానికి సాటి కాదు. కాని నీరు చెడిన పిమ్మట తగవులాడుటకంటె ముందుగ కాపాడుకొనుట సులభమను పాఠ మొక్కటియే.

పట్టాదారులకు మా మనవి: లీజుపత్రమున పూడ్చు గడువును, పూడ్చినగాని తిరిగి యీయని ధరావతును వ్రాయించుకొనుడు. గనులశాఖయు నీ షరతులు లేని లీజును మంజూరు చేయరాదు. నీటిమట్టపు లెక్కలను పంచాయతీ కార్యాలయమున నందఱు చూచునట్లు కట్టవలెను. పొలము మనదే యైనను దాని క్రింది నీరు పొరుగువానిది కూడ.