ఒకే ఆట, పలు వెలలు

ఒకనాడు గద్యపాఠం ముగించి తరగతి నుండి వెలుపలికి వస్తుండగా ద్వితీయ సంవత్సరం విద్యార్థి యొకడు మమ్మల్ని వరండాలో ఆపినాడు. కంప్యూటరు మీద ఆడే ఆట ఒకటి అమెరికాలో ఒక వెల, మన దేశంలో మరొక వెల, ఇంకొక దేశంలో అంతకంటె తక్కువ వెల పలుకుతున్నదట. “వస్తువు ఒక్కటే గదా సార్, ఇన్ని వెలలేమిటి? ఇది మోసం కాదా? చౌకగా ఉన్న దేశంలో మనమున్నట్లు చూపించి కొంటే తప్పేమిటి?” అని అడిగినాడు. మేము తెలుగు చెప్పుకొనేవారం. అర్థశాస్త్రం మా వృత్తి కాదు. వెంటనే జవాబు చెప్పలేకపోయినాము. కాని ఆ ప్రశ్న మమ్మల్ని విడువలేదు.

ఆటలే వ్యర్థమని తలచే పెద్దలు మన కళాశాల కమిటీలో ఉండవచ్చును. వారితో ఇక్కడ వాదానికి దిగము. అయితే ఈ వెలల వ్యవహారం ఆటలకే పరిమితమైనది కాదని మాత్రం మనవి చేస్తున్నాము. బ్రిటిష్ ప్రభుత్వ సహాయంతో ఇంగ్లీష్ లాంగ్వేజ్ బుక్ సొసైటీ వారు 1960ల నుండి మూడు దశాబ్దాలకు పైగా మనవంటి దేశాల విద్యార్థులకు తక్కువ వెలకు పాఠ్యగ్రంథాలు అందించినారు. ఈనాటికీ విదేశీ ప్రచురణకర్తల చౌక ప్రతుల అట్టపై “భారత ఉపఖండంలో మాత్రమే విక్రయించుటకు” అన్న అర్థం వచ్చే వాక్యం ఉంటుంది. కాగితం పలుచన, అట్ట మెత్తన. లోపలి విద్య మాత్రం ఒకటే. ఆ వాక్యం మన తరాల వారు చూచినదే గాని, దానిని గురించి ఆలోచించినవారు తక్కువ. మేమును ఆలోచించలేదు.

ఆలోచించినవాడు థాయిలాండ్ నుండి అమెరికాకు చదువుకై వెళ్ళిన ఒక విద్యార్థి. స్వదేశంలోని బంధువుల చేత చౌక ప్రతులు కొనిపించి, అమెరికాలో లాభానికి అమ్మినాడు. ప్రచురణకర్త దావా వేసినాడు. 2013లో అమెరికా సుప్రీంకోర్టు ఆ విద్యార్థి పక్షాన తీర్పు చెప్పింది. న్యాయంగా కొన్న పుస్తకాన్ని, అది ఏ దేశంలో అచ్చయినదైనా సరే, తిరిగి అమ్ముకునే హక్కు కొన్నవానికి ఉన్నదని ఆ తీర్పు సారాంశం.

పుస్తకం చేతికి వస్తుంది, సముద్రం దాటుతుంది. వీడియో గేము అట్లు కాదు. ఇప్పుడు ఎక్కువగా అది తీగల మీదుగా వచ్చి మన ఖాతాలో చేరుతుంది. చాలామటుకు దానిని మరొకరికి అమ్మే వీలు లేదు. కనుకనే అమ్మేవాడు దేశానికొక వెల నిర్భయంగా పెట్టగలడు. అమెరికాలోని వాల్వ్ సంస్థ నడిపే స్టీమ్ అనే అంగడి ఇటువంటి వ్యాపారంలో పేరు మోసినది. 2015 నవంబరు వరకు మనవారు అక్కడ డాలర్లలో చెల్లించవలసి వచ్చేది. రూపాయలలో వెలలు వచ్చిన పిమ్మట చాలా ఆటల వెల మారకపు రేటు లెక్క కంటె బాగా దిగినది. ఒక్క మనిషి కూర్చుని తయారుచేసిన స్టార్‌డ్యూ వ్యాలీ అనే సేద్యపు ఆట 2016లో వెలువడినది. దాని అమెరికా వెల పదిహేను డాలర్లు, అనగా ఆనాటి లెక్కన వెయ్యి రూపాయల దాకా. మనకు ఐదు వందల లోపునే లభించినది.

ఇది దయాధర్మమని మేము భ్రమపడుట లేదు. ఆట ఒకసారి తయారైన తరువాత మరొక ప్రతి ఇచ్చుటకు అమ్మేవానికి అయ్యే వ్యయం దాదాపు శూన్యం. ఐదు వందలు ఇవ్వగలిగినవానిని వెయ్యి అడిగితే వచ్చేది వెయ్యి కాదు, సున్న. కొనుగోలుదారులను వర్గాలుగా విభజించి వర్గానికొక వెల పెట్టే ఈ పద్ధతిని పీగూ అనే ఆంగ్ల అర్థశాస్త్రవేత్త 1920లోనే తన గ్రంథంలో వర్ణించినాడు. అమ్మేవాని స్వార్థం, మన అవసరం ఇక్కడ ఒకచోట కలిసినవి, అంతే. అట్లు కలియుట లోకంలో తరచుగా జరిగేది కాదు గనుక, కలిసినప్పుడు చెడగొట్టుకోరాదని మా అభిప్రాయం.

చెడగొట్టుకున్న వృత్తాంతం ఒకటి ఉన్నది. అర్జెంటీనా పెసో, టర్కీ లిరా ఏటికేడు పతనమైనవి. 2023లో అర్జెంటీనాలో ద్రవ్యోల్బణం నూటికి రెండు వందలు దాటినది. నాణెం పడిపోతున్నా ఆట వెల మారని రోజుల్లో, డాలరు గలవానికి అక్కడి వెల గవ్వలతో సమానమైనది. ధనిక దేశాల వారు అనేకులు తాము బ్యూనస్ ఐరిస్‌లోనో ఇస్తాంబుల్‌లోనో నివసిస్తున్నట్లు యంత్రానికి నమ్మబలికి కొనసాగినారు. వాల్వ్ వారు ఖాతాదారు దేశం మార్చుకునే విషయంలో ఆంక్షలు పెట్టినారు. 2022 అక్టోబరులో ఆ రెండు దేశాలకు తాము సూచించే వెలలను అనేక రెట్లు పెంచినారు. చివరకు 2023 నవంబరు 20 నుండి పెసోను, లిరాను తొలగించి అక్కడ కూడ డాలర్లనే ప్రవేశపెట్టినారు. ఆ ప్రాంతానికి వేరుగా వెల నిర్ణయించని ఆటలకు అమెరికా వెలయే వర్తించినది.

ఈ మార్పుకు నాణెపు అస్థిరతయే ముఖ్య కారణమని మేమును ఒప్పుకుంటాము. అయినా దొంగ చిరునామాతో కొన్నవాడు నష్టపరచినది కంపెనీని కాదు. కంపెనీ వెల పెంచుకొని సర్దుకున్నది. సర్దుకోలేనివాడు నిజంగా ఆ ఊళ్ళో ఉన్న విద్యార్థి. వాని బల్లపై ఉన్న అన్నాన్ని మరొకడు తక్కువ వెలకు కొనుక్కొని తిన్నాడు; మరునాడు హోటలువాడు ఆ ఊరి వెలల పట్టికనే చించివేసినాడు.

మరి అందరికీ ఒకే వెల పెడితే న్యాయమా? 2020 చివర సోనీ వారి ప్లేస్టేషన్ 5 కొత్త ఆటలు అమెరికాలో 70 డాలర్లకు, మన దేశంలో 4,999 రూపాయలకు నిర్ణయమైనవి. ఆనాటి మారకంలో రెండూ ఇంచుమించు సమానం. ఆ దేశపు కేంద్ర చట్టం నిర్ణయించిన కనీస వేతనం గంటకు 7.25 డాలర్లు, పది గంటల లోపు శ్రమతో ఆట వస్తుంది. 2020-21లో మన రెండు తెలుగు రాష్ట్రాలలో ఉపాధి హామీ దినకూలి 237 రూపాయలు. ఆ లెక్కన ఇరవైయొక్క దినాల కూలి. “ఆ కూలివాడు ఆట కొంటాడా?” అని ఉపాధ్యాయుల గదిలో ఒక మిత్రుడు నవ్వినాడు. కొనడు, నిజమే. వాని కొడుకు మాత్రం మన కళాశాలలో చదువుతున్నాడు, ఆ ఆటలను తయారుచేసే విద్య నేర్వాలని కోరుకుంటున్నాడు. నేర్వవలసిన సాఫ్ట్‌వేరుకును ఈ వెలల బెడద ఉన్నది. మారకపు రేటు నాణేన్ని తూచే త్రాసు; మనిషి శ్రమను తూచలేదు.

ఐరోపాలో మరొక చిక్కు కనబడుతున్నది. పోలండ్, రుమేనియా మొదలైన దేశాలలో అమ్మిన కొన్ని ఆటలు ఇతర ఐరోపా దేశాలలో పని చేయకుండా తాళం వేసినందుకు 2021 జనవరిలో ఐరోపా కమిషన్ వాల్వ్‌కు, మరి ఐదు ప్రచురణ సంస్థలకు కలిపి సుమారు 78 లక్షల యూరోల జరిమానా విధించినది. ఒకే విపణి అన్న సూత్రానికి అది సరియైన తీర్పే. అయితే ఆ తాళం లేనప్పుడు రుమేనియా వానికి తక్కువ వెల ఎవరు ఇస్తారు? ఆ ప్రశ్నకు మాకు తృప్తికరమైన సమాధానం ఇంకా దొరకలేదు.

వరండాలోని విద్యార్థికి ఈ సంగతులు తరువాత చెప్పినాము. వెల పెట్టేవానిని నిలదీసి తగ్గించమని అడుగు, తగ్గింపు రోజుల దాకా ఆగు, అంతేగాని మరొక పేదవాని చిరునామా తొడుక్కోవద్దు అన్నాము. అతడు కొంతసేపు వాదించినాడు. అర్జెంటీనా విద్యార్థి సంగతి విన్న తరువాత వాదం మానినాడు. డిసెంబరు తగ్గింపు వరకు ఆగుతానన్నాడు.