పింఛను చాలే ఊరు ఏది?

ప్రైవేటు కొలువులో జీవితమంతా పనిచేసి 58వ ఏట ఇంటికి చేరే మనిషికి నెలనెలా ఎంత వస్తుంది? ఎక్కడ స్థిరపడాలన్న ఆలోచన ఈ లెక్కతోనే మొదలుకావాలి. ఉద్యోగుల పింఛను పథకం (ఈపీఎస్-95) కింద పింఛనుకు పరిగణించే జీతం 15,000 రూపాయలు దాటదు. దాన్ని సర్వీసు ఏళ్ళతో గుణించి 70తో భాగిస్తారు. అధిక పింఛనుకు ఆప్షన్ ఇచ్చినవారిని మినహాయిస్తే, ముప్ఫై అయిదేళ్ళ లెక్క వేసినా 7,500 మించదు. 2014 సెప్టెంబరుకు ముందు జీతం పరిమితి 6,500 మాత్రమే. ఆ కాలపు సర్వీసును పాత పరిమితి మీదే లెక్కకడతారు కాబట్టి చాలామంది చేతికి వచ్చేది ఇంకా తక్కువ. పైగా ప్రభుత్వ పింఛనుదారుకు ఉన్నట్టు దీనికి కరువు భత్యం లేదు.

పిల్లల పెళ్ళిళ్ళు, చదువులు పోను పీఎఫ్ సొమ్ములో 20 లక్షలు మిగిలాయనుకుందాం. సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీములో వేస్తే 8.2 శాతం వడ్డీ చొప్పున మూడు నెలలకు 41,000 వస్తాయి. పింఛనుతో కలిపి నెలకు పద్దెనిమిది, ఇరవై వేలు. భార్యాభర్తలిద్దరూ బతకాల్సింది దీనితోనే. ధరలు ఏటా 6 శాతం పెరిగితే పన్నెండేళ్ళలో రెట్టింపవుతాయి. అంటే 70వ ఏట ఈ ఇరవై వేలకు ఉండేది ఇవాళ్టి పది వేల విలువే.

ఇంత కొద్ది ఆదాయంతో ఊరు వెతికేవారు మొదట చూసేది ఇంటి అద్దె. అక్కడే లెక్క తప్పుతోంది. అద్దె ప్రతి నెలా కనిపించే ఖర్చు కనుక దానికి సిద్ధపడతాం. వైద్యం ఖర్చు చెప్పకుండా వచ్చి, ఒక్క దెబ్బకు పదేళ్ళ పొదుపును తీసుకుపోతుంది. కాబట్టి పెద్దవయసులో ఒక ఊరు చవకా ప్రియమా అన్నది పెద్దాసుపత్రి ఎంత దూరమన్నదాన్ని బట్టే తేలుతుంది. సొంతూళ్ళో పాత ఇల్లు ఉంటే అద్దె మిగులుతుంది, నిజమే. 108కు ఫోన్ చేస్తే అంబులెన్స్ కూడా వస్తుంది. కానీ డయాలసిస్ అవసరమైతే సాధారణంగా వారానికి మూడుసార్లు పట్నానికి వెళ్ళిరావాలి. వెళ్ళేది ఒక్కరు కాదు, తోడు మరొకరు. ఆ కారు కిరాయిల ముందు పట్నంలో అద్దె చిన్నదైపోతుంది.

హైదరాబాద్ శివార్లలో చవకగా వచ్చే ఫ్లాటూ అలాంటిదే. నెలవారీ మెయింటెనెన్స్, వేసవిలో ట్యాంకరు నీళ్ళు, లిఫ్టు మరమ్మతుకు వాటా, నిమ్స్‌కో గాంధీకో వెళ్ళాలంటే గంటన్నర ప్రయాణం. సొంతిల్లే అయినా మెయింటెనెన్స్ తప్పదు.

అందుకే నా మొగ్గు పాత జిల్లా కేంద్రాల వైపు, అందులోనూ చాలాకాలంగా ప్రభుత్వ వైద్య కళాశాల ఉన్న ఊళ్ళ వైపు. కాకినాడనే తీసుకోండి. పింఛనుదారుల స్వర్గమని ఆ ఊరికి ఏనాటి నుంచో పేరుంది. ఆ పేరు ఊరికే రాలేదు. నేల చదునుగా ఉంటుంది, వీధులు గీత గీసినట్టు తిన్నగా సాగుతాయి. మోకాళ్ళ నొప్పులున్న మనిషికి అది చిన్న సౌకర్యం కాదు. 1958లో మొదలైన రంగరాయ వైద్య కళాశాలకు అనుబంధంగా ఊరి మధ్యలోనే సర్వజనాసుపత్రి ఉంది. అన్ని విభాగాల వైద్యులూ ఒకేచోట దొరుకుతారు. లోటూ ఉంది. చెన్నై-హౌరా ప్రధాన రైలు మార్గం ఊళ్ళోంచి పోదు. చాలా రైళ్ళకు పదిహేను కిలోమీటర్ల దూరంలోని సామర్లకోట వెళ్ళాలి. సముద్రపు ఉక్కపోత, తుపాను భయం సరేసరి.

తెలంగాణలో వరంగల్‌కు ఇలాంటి అనుకూలతే ఉంది. ఎంజీఎం ఆసుపత్రి, కాకతీయ వైద్య కళాశాల, పక్కనే కాజీపేట జంక్షన్. హైదరాబాద్‌లోని పిల్లలు మూడు గంటల్లో వచ్చి వాలగలరు. విశాఖలో వైద్యం మరింత మెరుగు, కానీ అద్దెలు ఇరవై వేల ఆదాయానికి అందేలా లేవు. తిరుపతిలో స్విమ్స్ ఆసుపత్రి ఉంది, యాత్రికుల తాకిడి వల్ల అక్కడా అద్దెలు ఎక్కువే. విజయవాడకు మించిన రైలు కూడలి ఆంధ్రప్రదేశ్‌లో లేదు. అయితే 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు సింగ్‌నగర్ వాసులు రోజుల తరబడి నీళ్ళలో ఉండిపోయారు. ఒక పేటలో అద్దె మరీ తక్కువగా ఉంటే వానకు అక్కడ నీళ్ళు ఎంత ఎత్తున నిలుస్తాయో పక్కింటివారిని అడగాలి.

పింఛను ఇప్పుడు ఊరు మారడానికి అడ్డం కాదు. 2025 జనవరి నుంచి దేశంలో ఏ బ్యాంకు, ఏ శాఖ నుంచైనా ఈపీఎస్ పింఛను తీసుకోవచ్చు. చిక్కు రాష్ట్రం మారితేనే. తెలంగాణ ఆరోగ్యశ్రీ ఆ రాష్ట్ర రేషన్ కార్డుదారులకు, ఎన్టీఆర్ వైద్య సేవ ఆంధ్రప్రదేశ్ కార్డుదారులకు. ఆడవాళ్ళకు ఉచిత బస్సు కూడా ఏ రాష్ట్రం వారికి ఆ రాష్ట్రంలోనే. 70 దాటినవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఏటా 5 లక్షల ఆయుష్మాన్ భారత్ వైద్యాన్ని కేంద్రం 2024 అక్టోబరులో ప్రారంభించింది. చేరబోయే ఊళ్ళో ఏ ఆసుపత్రులు ఆ కార్డు తీసుకుంటున్నాయో ముందే కనుక్కోవాలి.

అసలు గండం 58కీ 70కీ నడుమ. కంపెనీ బీమా ఆగిపోతుంది, తెల్ల రేషన్ కార్డు ఉండదు, వయసు మీద పడ్డాక ఆరోగ్య బీమా ప్రీమియం మోయలేనిది. చాలామందికి తెలియని ఒక దారి ఈఎస్ఐ. కనీసం ఐదేళ్ళు ఈఎస్ఐ పరిధిలో ఉండి పదవీ విరమణ చేసినవారు ఏడాదికి 120 రూపాయలు కడితే దంపతులిద్దరికీ వైద్యం అందుతుంది. ఈ అర్హత ఉన్నవారు రాజమహేంద్రవరం, విజయవాడ, తిరుపతి వంటి ఈఎస్ఐ ఆసుపత్రి ఉన్న ఊళ్ళను మొదట పరిశీలించడం మేలు.

ఇంకో మాట, మన ఇళ్ళలో ఎవరూ పైకి అనని మాట. ఇద్దరిలో ఒకరు ముందు వెళ్ళిపోతారు. భర్త పోతే ఈపీఎస్‌లో భార్యకు వచ్చేది సగం పింఛను. అద్దె సగం కాదు, కరెంటు బిల్లు సగం కాదు. ఆమె ఒక్కర్తీ రైతుబజారుకు నడిచి వెళ్ళగలదా, బ్యాంకు పని చేసుకోగలదా, రాత్రి తలుపు తడితే పలికే పొరుగు ఉందా? ఊరు ఎంచేటప్పుడు ఆమె మాటే చివరి మాట కావాలి. చాలా ఇళ్ళలో ఆమెను అడగనే అడగరు. అది అన్యాయం.

కొత్త ఊళ్ళో వెంటనే ఇల్లు కొనకండి. ఒక మే నెల, ఒక వానాకాలం గడిచేదాకా అద్దెకుండి చూడండి. చేతిలోని ఇరవై లక్షలు గోడల్లో పెడితే మూడు నెలలకోసారి వచ్చే ఆ 41,000 రావు.

ప్రభుత్వాలు చేయాల్సిందీ ఉంది. 2010లో మొదలైన జాతీయ వృద్ధుల ఆరోగ్య సంరక్షణ కార్యక్రమం ప్రకారం జిల్లా ఆసుపత్రిలో వృద్ధులకు పది పడకల వార్డు ఉండాలి. ప్రతి జిల్లాలోనూ అది పనిచేసేలా చూడటం రెండు రాష్ట్రాల బాధ్యత. ఈపీఎస్ కనీస పింఛను 2014 నుంచి వెయ్యి రూపాయల దగ్గరే ఉంది. ఆ వెయ్యితో బతకగల ఊరు రెండు రాష్ట్రాల్లోనూ లేదు. దాన్ని కేంద్రం వెంటనే పెంచాలి.