తుపాకియు తూటాయు

రాజాము పేరు వినగనే తాండ్ర పాపారాయుని తలంపు రాక మానదు. 1757 జనవరి 24వ తేదీన బుస్సీ దొర ఫిరంగులు బొబ్బిలి కోటను కూల్చినప్పు డాయన రాజాములో నుండెను. పిదప విజయరామరాజుగారి గుడారము జొచ్చి పగదీర్చుకొన్నది తుపాకితో గాదు, కత్తితో. శౌర్యమునకు కొఱతలేని సీమ యిది. కొఱత యాయుధములలో నుండెను. ఆయుధమనగా తుపాకి యొక్కటియే కాదు, దానిలోని తూటాయు నని నేడు మనవి చేయదలంచితిమి.

ఆనాటి తుపాకులు మూతినుండి మందును గుండును కూరి కాల్చునవి. గుండు గొట్టముకంటె కొంచెము సన్నమైనను పని జరిగెడిది. సీసము కరగించి మూసలో పోయ నేర్చినవాడున్న ప్రతి గ్రామమునను తుపాకికి మేత దొరికెడిది. పందొమ్మిదవ శతాబ్ది యుత్తరార్ధమున ఇత్తడి తూటాలు వ్యాపించుటతో ఈ స్వేచ్ఛ నశించెను. గొట్టము వెనుక తూటా యిముడు గదికిని తూటాకును కొలతలు సరిగా కుదురవలెను. .303 తూటా అడుగున అంచు గలదు. ఆ యంచే గదిముఖమున ఆని తూటాను నిలుపును. 7.62×51 తూటాకు అట్టి అంచు లేదు. అది భుజముపై ఆని నిలుచును. గది లోతు మితిమీఱిన ఇత్తడి చీలి, వేడివాయువు కాల్చువానిమీదికే రావచ్చును. 5.56 సైనిక తూటాయు .223 వేట తూటాయు చూపునకు కవలలే; అయినను మొదటిదానిని రెండవదాని గదిలో పేల్చిన ఒత్తిడి హద్దు దాటవచ్చును. 7.62 అను పేరిటనే ఒక తూటా యిత్తడి 39 మిల్లీమీటర్లు, వేఱొకదానిది 51. పేరు కలిసినంతమాత్రమున గది కలియదు.

ఈ రహస్యమును ఆంగ్ల ప్రభుత్వము బాగుగ నెఱుగును. సైన్యపు .303 తూటాను పౌరులకు నిషేధించి, వారికి .315 తుపాకులను విడిచెను. మొదటి ప్రపంచ యుద్ధానంతరము పోలీసులకును కావలివారికిని .303 తుపాకులనే నునుపు గొట్టపు .410 లుగా మార్చి యిచ్చెను. ఆ తూటాకు మెడ లేదు, కావున.303 గదిలో నది దూఱదు. ప్రజల చేతిలోని తూటా సైన్యపు తుపాకికి పనికిరాకుండ జేయుటయే ఈ యేర్పాటుల ఫలము.

మన్యమున అల్లూరి సీతారామరాజు ఈ మర్మమును గ్రహించెను. 1922 ఆగస్టు 22, 23, 24 తేదీలలో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాలపై బడినప్పుడు ఆయన యనుచరులు తుపాకులతోపాటు వానికి దగిన తూటాలను గూడ గొనిపోయిరి. ఠాణాలోని తుపాకికి ఠాణాలోని తూటాయే ప్రాణము. అది యయిపోయినచో అడవిలో మఱొకటి పుట్టదు.

స్వతంత్ర భారతమునకును ఈ పాఠము తప్పలేదు. 1960 దశకమున ఈశాపురము కర్మాగారమువారు పాత లీ-ఎన్‌ఫీల్డు వంటి తుపాకినే మేలైన యుక్కుతో 7.62×51 తూటాకు సిద్ధపఱచి స్వశక్తిని చూపిరి. తరువాత 5.56 ఇన్సాసు వచ్చెను. 2019లో 7.62×51 అమెరికా తుపాకులు 72,400 కొనుటకును, 2021లో 7.62×39 తూటా గల ఏకే-203 లను ఆరు లక్షలకుపైగా అమేఠీ జిల్లా కోర్వాలో చేయుటకును ఒప్పందములు జరిగెను. మూడు తుపాకులు, మూడు గదులు, మూడు తూటాలు!

దూరపు గుఱికొక తూటా, దగ్గఱ పోరున కొకటి వలయునని నిపుణులు చెప్పుదురు. మేమును కాదనము. కాని కొండ శిఖరమున తూటాలయిపోయిన జవానునకు ప్రక్క దళపు పెట్టె యక్కఱకు రాకున్న ఆ వైవిధ్యము బలమగునా, బరువగునా? ఒకే పోరున నిలుచు దళములకు ఒకే తూటా యుండుట ధర్మము.

శ్రీకాకుళము, విజయనగరము సీమలనుండి సైన్యమున జేరు యువకు లనేకులు. వారి చేతి కిచ్చు తుపాకి యెవరు చేసిరని యడుగుటతో మన బాధ్యత తీఱదు. దాని తూటా యెవరి కర్మాగారమున చేయబడుచున్నది, దాని మందెక్కడిది, ఏటికెన్ని చేయగలము అనియు ప్రభుత్వము నడుగవలెను. తుపాకిని కొని తూటాకై పరుల వాకిట నిలుచు దేశము తన తాళమును తాను పెట్టుకొని చెవిని పొరుగువాని కిచ్చినట్లే.