కార్డుకు కాపలా అంటూ ఏటా పదిహేను వందలు: కట్టాలా, వద్దా?

బొమ్మసంద్ర, హెబ్బగోడి, చందాపుర వైపు మనవాళ్లు ఈ మధ్య నన్ను ఒకటే మాట అడుగుతున్నారు. "అన్నా, బ్యాంకు పేరు చెప్పి ఫోన్ చేశారు. కార్డు పోయినా, ఎవరైనా కొట్టేసినా డబ్బు మేమే ఇస్తాం, ఏడాదికి పదిహేను వందలు కట్టండి అంటున్నారు. తీసుకోమంటావా?" కొందరు అడక్కముందే తీసేసుకున్నారు. ఒక అక్కకైతే తాను తీసుకున్న సంగతే తెలీదు. జీతం పడిన రోజు ఖాతాలో డబ్బు కట్ అయ్యాక మెసేజ్ చూసుకుంది. ఫోన్లో హిందీలో గడగడా ఏదో చెప్పారంట, ఈమె "హా, హా" అన్నదంట. అంతే.

ముందు జవాబు చెప్పేస్తాను, కారణాలు తర్వాత చూద్దాం. ఒకటో రెండో కార్డులున్న మనలాంటి ఇళ్లకు ఈ ప్లాన్ అక్కర్లేదు. అందులో ముఖ్యమైన కాపలా చాలావరకు రిజర్వు బ్యాంకు రూలు ప్రకారం మనకు ఇప్పటికే ఉంది, పైసా ఖర్చు లేకుండా. కాకపోతే అది దానంతటది పనిచేయదు. కార్డు పోయిన వెంటనే మనం నోరు తెరిచి బ్యాంకుకు చెప్పాలి.

వాళ్లు అమ్మేది ఏమిటి?

ప్లాన్ల పేర్లు వేరైనా లోపలి సరుకు ఇంచుమించు ఒకటే. ఒక్క ఫోన్ చేస్తే మీ కార్డులన్నీ బ్లాక్ చేయిస్తారు. ఎవరైనా మీ కార్డు వాడి డబ్బు లాగితే కొంత మొత్తం వరకు ఇన్సూరెన్స్ ఉంటుంది. ఊరుగాని ఊళ్లో పర్సు పోతే హోటల్ బిల్లుకు, టికెట్టుకు డబ్బు సర్దుతారు. ఈ సర్దేది ఊరికే ఇచ్చేది కాదు, అప్పు. గడువులోగా తిరిగి కట్టాలి. పోయిన పాన్ కార్డు మళ్లీ తెప్పించడం లాంటివి కొసరు.

ఐదారు క్రెడిట్ కార్డులు పెట్టుకుని ఊళ్లు తిరిగేవాళ్లకు ఇందులో కొంత ఉపయోగం ఉండొచ్చు. మన దగ్గరున్నది జీతం పడే ఖాతా కార్డు ఒకటి, మహా అయితే ఊళ్లో తీసిన జనధన్ కార్డు ఇంకొకటి. రెండు కార్డులు ఆపడానికి రెండు ఫోన్లు చాలు. నెలకు పదమూడు వేలు ఇంటికి తెచ్చే మనిషికి పదిహేను వందలంటే మూడు రోజుల కూలి.

రూలు ఏం చెబుతోంది?

2017 జూలై 6న రిజర్వు బ్యాంకు ఒక ఉత్తర్వు ఇచ్చింది. మనకు తెలియకుండా ఖాతాలోంచి డబ్బు పోతే నష్టం ఎవరిది అనేది అందులో ఉంది. దాన్ని మూడు ముక్కల్లో చెప్తాను.

ఒకటి. తప్పు బ్యాంకుదైతే మనం చెప్పినా చెప్పకపోయినా మొత్తం బ్యాంకే భరించాలి.

రెండు. తప్పు బ్యాంకుదీ కాదు, మనదీ కాదు, మూడోవాడెవడో మోసం చేశాడు. అప్పుడు బ్యాంకు మెసేజ్ వచ్చాక మూడు పనిదినాల్లోపు చెబితే మనకు నష్టం సున్నా. నాలుగు నుంచి ఏడు పనిదినాల మధ్య చెబితే నష్టానికి ఒక హద్దు ఉంది. జనధన్ లాంటి బేసిక్ ఖాతాకు 5,000 రూపాయలు, మామూలు సేవింగ్స్ ఖాతాకు 10,000 రూపాయలు. అంతకు మించి మన మీద వేయకూడదు. ఏడు దాటితే ఆ బ్యాంకు తన పాలసీ ప్రకారం తేలుస్తుంది. మెసేజ్ వచ్చిన రోజు లెక్కలోకి రాదు.

మూడు. మనల్ని ముంచేది ఇదే. పిన్ మనమే ఇచ్చినా, ఓటీపీ మనమే చెప్పినా, బ్యాంకుకు తెలియజేసేంతవరకు పోయినదంతా మనదే. తెలియజేశాక పోయేది మాత్రం బ్యాంకుది. అంటే పది గంటలకు డబ్బు పోతే పది గంటల పది నిమిషాలకు చెప్పడానికీ, షిఫ్టు అయ్యాక సాయంత్రం చెప్పడానికీ మధ్య నెల జీతమంత తేడా ఉండొచ్చు.

తప్పు ఖాతాదారుడిదే అని రుజువు చేయాల్సింది బ్యాంకు, మనం కాదు. మనం చెప్పిన పది పనిదినాల్లోగా ఆ డబ్బు తాత్కాలికంగా ఖాతాలో వేయాలి, తొంభై రోజుల్లోగా ఫిర్యాదు తేల్చాలి. కౌంటర్ దగ్గర "మాకు సంబంధం లేదు" అంటే ఈ 2017 ఉత్తర్వు పేరు ఎత్తండి.

దొంగకు కావాల్సింది పిన్

కార్డు ఒక్కటే దొరికితే దొంగకు పెద్దగా లాభం లేదు. ఏటీఎంలో పిన్ కావాలి, షాపులో గీకితే పిన్ కావాలి, మన దేశంలో ఆన్‌లైన్‌లో కొంటే ఓటీపీ కావాలి. మరి డబ్బు ఎలా పోతోంది? కార్డు కవరు మీదే పిన్ రాసి పెట్టుకుంటున్నాం. జీతం రోజు ఏటీఎం దగ్గర "నేను తీసిపెడతా అక్కా" అన్నవాడి చేతికి కార్డిచ్చి పిన్ చెప్తున్నాం. వాడు పిన్ గుర్తుపెట్టుకుని, అచ్చం అలాంటిదే ఇంకో కార్డు మన చేతిలో పెట్టి పోతాడు. మనకు తెలిసేది సరుకులు కొనే రోజున.

అందుకే ప్లాన్ అమ్మేవాళ్లను ఈ ఒక్క ప్రశ్న అడగండి: "పిన్ నేనే చెప్పి మోసపోతే మీరు డబ్బు ఇస్తారా? ఇచ్చేట్టయితే రాసి పంపండి." రూలు మనల్ని కాపాడని చోట ప్లాన్ కాపాడుతుందా లేదా అన్నదే అసలు సంగతి. అక్కడ కూడా కాపాడకపోతే మనకు ఉన్నదాన్నే మళ్లీ మనకు అమ్ముతున్నట్టు.

పిన్ లేకుండా డబ్బు పోయే దారి ఒకటుంది. కార్డు మీద అలల గుర్తు ఉంటే మిషన్‌కు తాకించి 5,000 రూపాయల వరకు పిన్ లేకుండా కట్టొచ్చు. మీరు అలా వాడకపోతే బ్యాంకు యాప్‌లోనో ఏటీఎంలోనో దాన్ని ఆపేయండి. విదేశీ వాడకం, ఆన్‌లైన్ వాడకం కూడా ఆపుకోవచ్చు, రోజుకు ఇంతే తీయాలని హద్దు పెట్టుకోవచ్చు. ఈ వీలు బ్యాంకులన్నీ ఇవ్వాలని రిజర్వు బ్యాంకు 2020లోనే చెప్పింది. దీనికి డబ్బు కట్టక్కర్లేదు.

ఇంగ్లండులో ఏమైంది?

ఈ సరుకు అమ్మడం మన దగ్గర మొదలైంది కాదు. ఇంగ్లండులో కార్డ్ ప్రొటెక్షన్ ప్లాన్ అనే కంపెనీ ఏళ్ల తరబడి ఇదే అమ్మింది. పోయిన కార్డు మీద జరిగే మోసానికి అక్కడా చాలావరకు బ్యాంకులే బాధ్యులు. అయినా జనాన్ని భయపెట్టి, అక్కర్లేని ఇన్సూరెన్స్ అంటగట్టారని 2012 నవంబరులో అక్కడి అధికారులు ఆ కంపెనీకి కోటీ ఐదు లక్షల పౌండ్ల జరిమానా వేశారు. మరుసటి ఏడాది, అమ్మిపెట్టిన బ్యాంకులతో కలిపి సుమారు 70 లక్షల మందికి 130 కోట్ల పౌండ్ల దాకా వాపసు ఇచ్చే ఏర్పాటు చేశారు. చదువూ లాయర్లూ ఉన్న దేశంలోనే అన్ని లక్షల మంది కట్టారు. కాబట్టి మనలో ఎవరైనా కట్టి ఉంటే సిగ్గుపడాల్సిందేమీ లేదు.

ఇప్పటికే తీసుకుని ఉంటే

"ఇది తప్పనిసరి" అని ఎవరన్నా అంటే అబద్ధం. కార్డుతో ఇన్సూరెన్స్ ఇవ్వాలంటే మన స్పష్టమైన ఒప్పుదల రాతలో గానీ, డిజిటల్‌గా గానీ తీసుకోవాలని 2022లో రిజర్వు బ్యాంకు చెప్పింది. ప్లాన్ కాగితంలో రద్దుకు ఎన్ని రోజులు గడువు ఉందో చూడండి, ఆ లోపు రద్దు కోరండి. మీకు తెలియకుండా కట్ అయితే బ్రాంచిలో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, నకలు మీద ముద్ర వేయించుకోండి. ముప్పై రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు వెళ్లొచ్చు. ఫీజు లేదు. వివరాలకు 14448కి ఫోన్ చేయండి, తెలుగులో కూడా మాట్లాడొచ్చు. ప్లాన్ ఏటా తనంతట తాను రెన్యువల్ అయ్యే రకమైతే ఆ ఆటో డెబిట్ కూడా ఆపించండి.

ఇవి చేసి పెట్టుకోండి

మీ బ్యాంకు కార్డు బ్లాక్ చేసే నంబరు ఇంట్లో గోడ మీద రాయండి, ఫోన్లో సేవ్ చేయండి. నంబరు కార్డు వెనకాలే ఉంటుంది, కార్డు పోతే నంబరూ పోతుంది కదా, అందుకే.

బ్యాంకులో ఇచ్చిన ఫోన్ నంబరు ఇప్పుడు మీరు వాడేదేనా? మనలో చాలామంది ఇక్కడికొచ్చాక సిమ్ మార్చారు. పాత నంబరుకు మెసేజ్ పోతే మోసం మనకు తెలిసేదెప్పుడు?

డబ్బు పోతే ముందు బ్యాంకుకు, వెంటనే 1930కి ఫోన్ చేయండి. కార్డు బ్లాక్ చేశాక వచ్చే ఫిర్యాదు నంబరు, టైమూ రాసి పెట్టుకోండి. మీరు ఎప్పుడు చెప్పారో అదే రుజువు. షిఫ్టులో ఉంటే సూపర్‌వైజర్ని అడిగి అయిదు నిమిషాలు బయటికి రండి.

ఇన్సూరెన్స్ కావాలనిపిస్తే ప్రధానమంత్రి సురక్షా బీమా యోజన ఉంది. ఏడాదికి 20 రూపాయలు. 18 నుంచి 70 ఏళ్ల లోపు వాళ్లు ప్రమాదంలో పోతే ఇంటికి రెండు లక్షలు వస్తాయి. పొద్దున షిఫ్టుకు పరుగెత్తుతూ హోసూరు రోడ్డు దాటే మనకు కార్డు పోయే భయం కంటే ఆ భయం పెద్దది. ఆ పదిహేను వందలతో 75 మందికి ఏడాది బీమా కట్టొచ్చు. మీ ఇంట్లో ఎంతమందికి ఉందో ఈ ఆదివారం పాస్‌బుక్కులు తీసి చూడండి.