చలి మిషన్ మీద మన పిల్లల చెయ్యి ఎందుకు పడట్లేదు?



గ్రూప్స్, డీఎస్సీ, కానిస్టేబుల్ నోటిఫికేషన్ల మధ్యలో ఈ మైక్రోస్కోప్ గోల ఏంటని అనుకోకండి. కాస్త ఓపికగా చదవండి.

ఏజెన్సీ నుంచి ఫిజిక్స్‌లో పీహెచ్‌డీకి వెళ్లిన మన తమ్ముడొకడు మొన్న ఫోన్ చేశాడు. చేరి రెండేళ్లయింది, ఫెలోషిప్ వస్తోంది, గైడ్ కూడా మంచాయనే. కానీ ల్యాబ్‌లో ఉన్న చలి కాన్ఫోకల్ మైక్రోస్కోప్‌ను ఇంతవరకు ముట్టుకోలేదట. "శాంపిల్ నేనే చేసిస్తా అన్నా, కొలిచేది వేరేవాళ్లు. కోట్ల మిషన్, నీకెందుకులే అంటారు" అన్నాడు.

ఆ మిషన్ ఏంటో ముందు చెప్పుకుందాం. మామూలు మైక్రోస్కోప్‌లో మనం చూసే చోటు నుంచే కాదు, దాని పైనుంచీ కిందనుంచీ కూడా వెలుగు వచ్చి కలిసి బొమ్మ మసకబారుతుంది. కాన్ఫోకల్‌లో లేజర్‌ను ఒక్క చుక్క మీదే నిలిపి, తిరిగొచ్చే వెలుగును సూదిమొనంత రంధ్రం గుండా పంపుతారు. ఆ చుక్క నుంచి వచ్చిందే లోపలికి పోతుంది, మిగతాది ఆగిపోతుంది. అలా చుక్క చుక్కా చదువుతూ బొమ్మ కడతారు. మార్విన్ మిన్‌స్కీ 1957లో పేటెంట్‌కు పెట్టిన ఆలోచన ఇది.

మరి చలి ఎందుకు? సంత రోజు మధ్యాహ్నం పక్కనోడి మాట కూడా వినపడదు. అదే రాత్రి అయితే అవతలి గూడెంలో కుక్క మొరిగినా వినపడుతుంది. పదార్థంలో పరమాణువుల ఊగులాట ఆ సంత గోల లాంటిది. ద్రవ హీలియం మరిగే 4.2 కెల్విన్ దగ్గర, అంటే మైనస్ 269 డిగ్రీల దగ్గర అది చాలావరకు అణిగిపోతుంది. (మన లంబసింగి చలి దీని ముందు ఎండాకాలమే.) వజ్రంలో రెండు కార్బన్ పరమాణువులు పోయి, ఆ ఖాళీల మధ్యలో ఒక సిలికాన్ కూర్చున్న లోపం ఒకటుంది. అది 737 నానోమీటర్ల దగ్గర ఎర్రటి వెలుగు ఇస్తుంది. మామూలు గది వేడిలో చూస్తే ఒక్కటే వెడల్పాటి గీత. 4 కెల్విన్ దగ్గర చూస్తే నాలుగు సన్నని గీతలు! క్వాంటం సమాచారం దాచడానికి ఇలాంటి లోపాల మీదే పని చేస్తున్నారు.

ఇంతవరకు పుస్తకం చదివి నేర్చుకోవచ్చు. మిషన్ నడపడం అలా రాదు. చల్లబడేటప్పుడు లోపలి లోహం కుంచించుకుపోయి, మనం ఫోకస్ చేసి పెట్టుకున్న చోటు జరిగిపోతుంది, మళ్లీ వెతుక్కోవాలి. కంప్రెసర్‌తో నడిచే క్రయోస్టాట్ అయితే దాని దడదడకు శాంపిల్ ఊగుతుంది. లేజర్ చుక్కే మైక్రాన్ అంత ఉంటుంది, ఇక ఊగితే ఏం కనపడుద్ది? వాక్యూమ్ సరిగ్గా రాకుండా చల్లబరిస్తే మిగిలిన గాలి శాంపిల్ మీదే గడ్డకడుతుంది. ఇవన్నీ నాలుగుసార్లు చెడగొట్టుకుంటేనే చేతికి వస్తాయి. పక్క స్కాలర్ చెడగొడితే "నేర్చుకుంటున్నాడు" అంటారు. మనోడు చెడగొడతాడేమోనని ముందే తలుపేస్తారు.

కేంద్ర గిరిజన వ్యవహారాల శాఖ ఏటా 750 మందికి ఫెలోషిప్ ఇస్తోంది, సంతోషం. అది బతకడానికి డబ్బు, మిషన్ టైమ్ కాదు. నేషనల్ క్వాంటం మిషన్‌కు 2023లో 6,003.65 కోట్లు ఒప్పుకున్నారు. ఆ డబ్బుతో కొనే మిషన్ల లాగ్‌బుక్కుల్లో మన పిల్లల పేర్లు ఎన్నుంటాయి? సీట్ల లెక్క అడగడం మనకు అలవాటైంది, గంటల లెక్క ఎప్పుడూ అడగలేదు. మొదటి ఏడాదిలోనే ట్రైనింగ్ స్లాట్ ఇవ్వాలని, లాగ్‌బుక్ అందరికీ కనపడేలా పెట్టాలని మేం అడుగుతున్నాం. గైడ్‌తో చెడుతుందన్న భయం నిజమే. అందుకే గొడవ పడకుండా కాగితం మీద మర్యాదగా రాసివ్వమంటున్నాం. "థియరీ తీసుకో, ఏ తలనొప్పీ ఉండదు" అని కొందరు సీనియర్లు చెబుతున్నారు. ఇష్టపడి తీసుకుంటే సరే. ముట్టుకోనివ్వరని తీసుకుంటే మాత్రం మేం ఒప్పుకోం.

తమ్ముడు ఐ-స్టెమ్ పోర్టల్‌లో వెతికి, బెంగళూరులో వేరే ల్యాబ్‌లో మూడు రోజుల స్లాట్ సంపాదించాడు. అక్కడ తననే దగ్గర కూర్చోబెట్టి చేయిస్తామన్నారట. శాంపిల్ చల్లబడటానికే గంటలు పడుతుంది, రాత్రిళ్లు కూడా ఉండాల్సొస్తుంది. గెస్ట్ హౌస్ ఖాళీ లేదు. అక్కడ చదివే, పనిచేసే మనవాళ్లెవరైనా ఉంటే మూడు రోజులు పడుకోవడానికి చోటు చూసి చెప్పండి.